ఏడవని పిల్లవాడికి మొదటి బహుమతి

శిక్షణలో మాకు రబ్బరు బొమ్మకు స్నానం చేయించడం నేర్పారు. చాలా మంచి బొమ్మ అది. ముఖాన నీళ్లు పడితే ఊపిరి బిగబట్టదు, సబ్బు రాసిన చేతుల్లోంచి జారదు, తుడిచి పొడిగుడ్డ చుట్టిన మరుక్షణం ఆ గుడ్డను పాడు చేయదు. దాన్ని చూసి పిల్లల పని నాకు వచ్చేసిందనుకుని కార్వాన్ గల్లీల్లో అడుగుపెట్టాను. మొదటి ఇంట్లోనే ఒక పిల్లవాడు నా చీర తడిపి, నా వేలు కొరికి, ఆ రెండూ చాలనట్టు వాళ్లమ్మ పక్కకు తిరిగి నవ్వుకునేలా చేశాడు.

నా ఉద్యోగానికి కాగితాల్లో పొడవైన పేరుంది. అసలు పని ఇది: పాతబస్తీలోని ఒక చిన్న పిల్లల దవాఖానా తరఫున ఇంటింటికీ తిరగడం, చంటిపిల్లలను తూచడం, వాళ్లకు ఏం పెట్టాలో, ఎలా నీళ్లు పోయాలో, ఎలా పడుకోబెట్టాలో తల్లులకు చెప్పడం. గల్లీలో నన్ను "తూకం నర్సమ్మ" అనేవారు. ఆ పేరే సరైనదని ఇప్పటికీ అనుకుంటాను.

రిటైరు అయ్యాననడానికి నాకు వయసు చాలదు. కానీ మా దవాఖానాలో పిల్ల పుట్టిన ఆడదాన్ని ఉద్యోగంలో ఉంచరు. పరాయి పిల్లలను ఎలా పెంచాలో చెప్పడానికి మనకు పిల్లలు లేకపోవడమే అర్హత. నా కూతురు పుట్టింది, నా అర్హత పోయింది. తక్కెడ, సంచీ తీసుకుపోవడానికి వచ్చిన కొత్తమ్మాయి గుమ్మంలో నిలబడి, "అక్కా, నేనేం తెలుసుకోవాలె?" అని అడిగింది. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాటలు రావు. "అంతా మెల్లగా తెలుస్తుంది" అని పంపేశాను. అది అబద్ధం. కొన్ని మెల్లగా తెలిస్తే చాలవు. అందుకే కాగితం మీద చెబుతున్నాను. రోజూ ఎలాగూ ఏదో ఒకటి రాసుకునే అలవాటుంది కాబట్టి ఇది నాకు తేలిక.

నీళ్లు

మా పెద్ద డాక్టరమ్మ మద్రాసు వైపు ఆమె. తెల్లటి చీర, గోడ గడియారం, గట్టి నమ్మకాలు. పిల్లలకు తొట్టిలో స్నానం చేయించాలని, నీళ్ల వేడిని మోచేత్తో చూడాలని ఆమె పట్టు. అందుకోసం ఎనామెల్ తొట్లు కొన్ని తెప్పించి, వాటిని ఇళ్లకు అరువిమ్మని నాకు చెప్పారు.

తొట్టి నిండాలంటే నీళ్లు కావాలి. నల్లా గల్లీ మలుపులో ఉంది. దాని ముందు బిందెల వరస, ఆ వరసలో లొల్లి. పెద్దవాళ్లు తాగడానికి తెచ్చుకున్న నీళ్లను పిల్లవాడు మునగడానికి పోసే ఇల్లు నాకు ఒక్కటీ కనబడలేదు. ఒక ఇంట్లో తొట్టి అటక ఎక్కింది. ఇంకో ఇంట్లో అందులో బియ్యం పోశారు. పాలు అమ్ముకునే మల్లమ్మ అవ్వ ఇంట్లో అయితే, నేను వెళ్లేసరికి బర్రె అందులో మూతిపెట్టి కుడితి తాగుతోంది.

"అవ్వా, అది పోరనికి ఇచ్చింది" అన్నాను.

"ఎరుకనే బిడ్డా. పోరడు గింతంత ఉన్నడు, తొట్టి గంతంత ఉన్నది. బర్రెకు సరిగ్గ సరిపాయె" అంది అవ్వ.

అవ్వ తన మనవడికి తన కాళ్ల మీదే నీళ్లు పోసేది. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, పాదాల వైపు తల పెట్టి పడుకోబెట్టి, నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, చెంబుతో పోసేది. రోజూ చూసి చూసి చివరికి నా అభిప్రాయం ఇది: కాళ్ల మీద స్నానంలో తప్పేమీ లేదు, నీళ్లు తక్కువ పడతాయి, పిల్లవాడు జారడు. తప్పంతా నీళ్ల వేడిలో, ముక్కులో ఊదడంలో, తలుపులు మూసి సాంబ్రాణి పొగలో ముంచడంలో ఉంది. డాక్టరమ్మ అన్నీ ఒకేసారి మాన్పించమన్నారు. అలా చెప్పిన ఇంట్లో ఒక్కటీ మానలేదు, నన్ను లోపలికి రానివ్వడం మాత్రం మానేశారు. తర్వాత నేను ఒక్కో ఇంట్లో ఒక్కటే ఎంచుకునేదాన్ని. అవ్వ ఇంట్లో పొగను ఎంచుకున్నాను. ఎండాకాలం వచ్చేసరికి అవ్వ తలుపు ఓరగా తెరిచింది. అది గెలుపు అనుకోండి. ఈ పనిలో గెలుపులు అంతే ఉంటాయి.

తూకం, తిండి

తక్కెడ బయటికి తీయగానే సగం మంది తల్లులు పిల్లలను కొంగు చాటుకు తీసుకునేవారు. కార్వాన్‌లో కూరగాయల బేరం తెలియనివాళ్లు లేరు. "బిడ్డను తూకమేస్తరా? వాడేమన్న వంకాయనా?" అని మల్లమ్మ అవ్వ మొదటిరోజే అడిగింది. తూచి బరువు పైకి చదివితే దిష్టి తగులుతుందని భయం. చివరికి ఒప్పందం కుదిరింది: తక్కెడ పళ్లేనికి పాత చెప్పు ముక్క ఒకటి కట్టాలి, బరువు నేను నోటితో చెప్పకూడదు. నేను చెప్పు బరువు తీసేసి రాసుకునేదాన్ని. డాక్టరమ్మ ఒకసారి ఆ తోలుముక్కను చూసి ఏమిటని అడిగారు. "పళ్లెం ఊగకుండా ఉండటానికి" అన్నాను. ఆమె మెచ్చుకున్నారు.

తిండి గురించి ఒక్క మాట గుర్తుంచుకోండి. పిల్లవాడికి తిండి పెట్టేది తల్లి ఒక్కతే కాదు, గల్లీ మొత్తం. తల్లికి మీరు ఎంత చెప్పినా పక్కింటామె చాయ్‌లో ముంచిన రొట్టె పెడుతుంది, చూడవచ్చిన బంధువు బెల్లం నాకిస్తాడు. నడక వచ్చిన పిల్లలతో ఇంకో బాధ. కూర్చోబెట్టి పెడితే తినరు. గిన్నె పట్టుకుని వాళ్ల వెనక తల్లి పరుగెత్తాలి. ఒక వాకిట్లో మొదలైన ముద్ద నాలుగో వాకిట్లో నోట్లో పడుతుంది. "ఆకలైతే వాడే వస్తడు, ఊకోండ్రి" అని చెప్పి చెప్పి అలసిపోయాను. ఈమధ్య మా అమ్మాయి వెనక గిన్నెతో మా మిద్దెమెట్లు ఎక్కాను. దాని గురించి ఇక్కడ రాయను.

అప్పటికి యుద్ధం నడుస్తోంది, డబ్బా పాలు దొరకడం లేదు. పాలవాళ్ల ఇంట్లో ఆ బాధ లేదనుకుంటారు. మల్లమ్మ అవ్వ ఇంట్లో బర్రెలున్నాయి, పాలకుండలున్నాయి. మంచి పాలన్నీ తెల్లవారకముందే అమ్మకానికి పోయేవి. అవ్వ కోడలు యాదమ్మ పొద్దునా సాయంత్రం కుండ నెత్తిన పెట్టుకుని వాడుక ఇళ్లకు తిరిగేది. కొడుకు నర్సింగ్‌కు తల్లి పాలు దొరికేవి ఆమె ఇంట్లో ఉన్న వేళల్లోనే. మిగతా వేళ అవ్వ మీగడ వేలితో తీసి నాలుక మీద రాసేది. వాడి బుగ్గలు గుండ్రంగా ఉండేవి. చూసినవాళ్లు ముద్దొచ్చేలా ఉన్నాడనేవారు. తక్కెడ మాత్రం వేరే మాట చెప్పేది: వాడు పెరగడం లేదు.

నిద్ర

ఈ పనిలో మిమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. బిడ్డ బాగున్నాడా అని కాదు. "నిద్రపోతడా?" అని. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత ఆ ఇళ్లను చూశాను. ఒకే గది. తండ్రి చీకటితో లేచి పాలు పితకాలి. గోడకు అవతల ఇంకో కుటుంబం. పిల్లవాడు ఏడిస్తే గోడ మీద గుద్దులు, "ఓ యాదమ్మా, ఏంది గా లొల్లి" అన్న కేకలు. ఏడిచే పిల్లవాడి తల్లి గల్లీలో తల దించుకుని నడిచేది.

నర్సింగ్ ఏడవడు. ఉయ్యాల తొట్టెలలో వేస్తే పడుకునేవాడు, లేపితే కళ్లు సగం తెరిచేవాడు. యాదమ్మ ఆ గల్లీలో తల ఎత్తుకుని నడిచేది.

నాకు వాడిని చూస్తే ఏదో బాగాలేదనిపించేది. బోర్లా పడవలసిన వయసులో పడలేదు. కూర్చోవలసిన వయసులో పక్కకు ఒరిగేవాడు. డాక్టరమ్మకు చెప్పాను. నా గొంతు ఎంత చిన్నదంటే గడియారం చప్పుడు దాని మీదుగా వినిపించింది.

"ఏడవడం లేదంటే వేళకు పాలు పడుతున్నాయన్నమాట" అన్నారామె. "మన పద్ధతి పాటించిన ఇల్లు ఒక్కటైనా ఉంది. మీరు దాన్ని కూడా అనుమానిస్తున్నారేమిటమ్మా."

గడియారం ప్రకారం పాలివ్వాలి, మధ్యలో ఏడిస్తే ఏడవనివ్వాలి, కొన్నాళ్లకు అదే ఊరుకుంటుందని ఆమె పద్ధతి. ఆ గల్లీలో గడియారం ఉన్న ఇల్లు లేదు. అయినా పై అధికారికి తన పద్ధతి పనిచేస్తోందని నమ్మే అవకాశం ఒక్కటి దొరికితే, దాన్ని ఆమె చేతిలోంచి లాగడం ఎవరి తరమూ కాదు. ఇది అన్ని ఉద్యోగాలకూ వర్తిస్తుందనుకుంటాను.

నుమాయిష్

చలికాలంలో మా దవాఖానా పిల్లల పోటీ పెట్టేది. జనం దాన్ని "బచ్చోంకా నుమాయిష్" అనేవారు. ఒక బడి ఆవరణలో షామియానా, పర్దా వెనక పెద్దింటి బేగంలు, ముందు బల్ల మీద తక్కెడ, బహుమతులు. మొదటి బహుమతి ఇత్తడి గిలక. పిల్లలకు మార్కులు వేసే కార్డును డాక్టరమ్మే తయారు చేశారు. బరువుకు కొన్ని, శుభ్రతకు కొన్ని, పళ్లకు కొన్ని. అన్నిటికంటే ఎక్కువ "శాంత స్వభావం" అనే దానికి.

ఆ రోజు పరిస్థితి ఊహించుకోండి. పాతబస్తీ సగం పిల్లలు ఒక్క షామియానా కింద. కాటుక, దిష్టిచుక్క, జరీటోపీ, కొత్తబట్టలు గుచ్చుకుని దద్దుర్లు. తక్కెడ మీద పెట్టిన ప్రతివాడూ గావుకేక. ఒకడు బేగంల ముందు కట్టిన పర్దా పట్టుకుని ఊగాడు. మా ఆయా ఖాసింబీ రెండు చంకల్లో ఇద్దరిని వేసుకుని, "యా అల్లా, నేనేం పాపం చేస్తిని" అంటూ తిరిగింది. నేను మార్కులు రాస్తూ కూర్చున్నాను. నా చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

నర్సింగ్ వంతు వచ్చింది. తక్కెడలో పడుకోబెట్టారు, పడుకున్నాడు. నోరు తెరిచి చిగుళ్లు చూశారు, చూడనిచ్చాడు. ఆ గోలలో వాడొక్కడే దేవుడిలా ఉన్నాడు. ఒక బేగం గారు పర్దా వెనక నుంచి "మాషా అల్లా" అన్నారట. మొదటి బహుమతి వాడికే వచ్చింది.

డాక్టరమ్మ గిలకను వాడి చెవి పక్కన పెట్టి ఊపారు. జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు. నేను వాడి ముఖమే చూస్తున్నాను. వాడు తల తిప్పలేదు. గిలక ఆ చెవి నుంచి ఈ చెవికి వచ్చింది. కళ్లు కదలలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది.

అంతలో అవతల ఆడవాళ్లు మల్లమ్మ అవ్వను చుట్టుముట్టారు. "ఎట్ల పెంచినవ్ అత్తా, గింత మంచిగ?" అని అడుగుతున్నారు.

అవ్వ దాచలేదు. దాచవలసిన విషయమని ఆమెకు తెలియదు. "ఏమున్నది పిల్లా. పొద్దుగాల నీళ్లు పోసినంక గోటి మీద గింతంత నల్లమందు. మా అవ్వ మాకు పెట్టింది, నేను నా కొడుక్కు పెట్టిన. గంతే" అంది.

గల్లీ ఊరుకుంది

ఆ తర్వాత కొన్నాళ్లకు ఖాసింబీతో కలిసి ఆ గల్లీలోకి వెళ్లాను. మలుపు తిరగగానే ఆమె ఆగింది.

"బీబీ, ఈ గల్లీల బచ్చాలు లేరా?"

ఉన్నారు. ప్రతి గుమ్మంలోనూ తొట్టెల ఉంది. ప్రతి తొట్టెలలోనూ పిల్ల నిద్రలో ఉంది. బహుమతి పిల్లవాడికి పెట్టిందే అందరూ తమ పిల్లలకూ పెట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పూట ఆ గల్లీలో గిన్నె కడిగే చప్పుడు వినిపించింది. ఈ ఉద్యోగంలో నేను విసుక్కున్న వాటన్నిటిలో ఏడుపును ఎక్కువ విసుక్కున్నాను. ఆ రోజు ఎక్కడి నుంచైనా ఒక్క ఏడుపు వినిపిస్తే ఆ ఇంటికి దండం పెట్టేదాన్ని.

డాక్టరమ్మతో చెప్పాను. ఈసారి గడియారం కంటే గట్టిగా చెప్పి ఉంటాను, ఎందుకంటే ఆమె కలం కింద పెట్టారు. నర్సింగ్‌ను తెప్పించి కనురెప్ప ఎత్తి చూశారు. తర్వాత ఆమెకు తెలిసిన పని చేశారు: ఉపన్యాసం ఏర్పాటు చేశారు. గోడ మీద బొమ్మలు వేసి చూపించే లాంతరు తెప్పించారు. గల్లీ ఆడవాళ్లంతా వచ్చి బొమ్మలు చూశారు, బాగున్నాయన్నారు. తెల్లారి మళ్లీ నల్లమందు పెట్టారు. "మొన్న మొదటి బహుమానం వచ్చె, ఇయ్యాల విషమంటున్రు. ఏదో ఒక మాట చెప్పుండ్రి" అని ఒకామె నన్ను నిలబెట్టి అడిగింది. మేమిచ్చిన గిలక అవ్వ ఇంటి గోడకు మేకు మీద వేలాడుతోంది. దాని ముందు నా మాట ఎంత?

ఇల్లిల్లూ తిరిగాను. కొందరు మానారు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కాబట్టి వాళ్లకు తేలికైంది. నర్సింగ్‌కు అది పుట్టినప్పటి అలవాటు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, రోజురోజుకూ తగ్గించాలని డాక్టరమ్మ చెప్పారు. అవ్వ ఒప్పుకోలేదు.

"తగ్గిస్తె ఏడుస్తడు. ఏడిస్తె నువ్వొచ్చి ఎత్తుకుంటవా?" అని అడిగింది. "కోడలు పాలకు పాయె. కొడుకు గడ్డికి పాయె. నేను పేడ తియ్యాల్నా, బర్లకు నీళ్లు పెట్టాల్నా, వీన్ని పట్టుకోని కూసోవాల్నా? వీడు లేచి దోగాడిండంటె బర్రె కాళ్ల కిందికే పోతడు. చూసినవా గా కాళ్లు?"

చూశాను. గదికీ కొట్టానికీ మధ్య గడప కూడా లేదు. తొట్టెల కింద నుంచి బర్రె గిట్టల దాకా నున్నటి మట్టినేల. ఇంతకాలం నేను అవ్వకు చెప్పినవన్నీ ఆ నేలను చూడకుండానే చెప్పానని అప్పుడు అర్థమైంది.

చివరికి డాక్టరమ్మ నల్లమందు డబ్బీని అవ్వ చేతిలో ఉంచొద్దని, తల్లికి ఇమ్మని ఆజ్ఞ వేశారు. తల్లి చదువుకోకపోయినా తల్లి కదా, తగ్గిస్తూ పోతుందని ఆమె లెక్క. యాదమ్మ డబ్బీ తీసుకుంది, తగ్గిస్తూ కూడా వచ్చింది. అవ్వ మారుమాట్లాడకుండా డబ్బీ ఇచ్చేసింది. తమలపాకుల సంచిలో ఇంకో ముక్క ఉంచుకుందని మాకెవరికీ తెలియదు.

బోనాలనాడు

ఆషాఢంలో బోనాలనాడు దవాఖానాకు సెలవు. కానీ ఊరేగింపులో తప్పిపోయిన పిల్లలను తెచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టే అలవాటుంది. అందుకని నేనూ ఖాసింబీ ఉన్నాం. మధ్యాహ్నానికి అరుగు నిండింది. పేరడిగితే "చిన్నోడు" అంటారు, ఇల్లెక్కడంటే "అమ్మ దగ్గర" అంటారు. అందరూ ఒకే గొంతుతో ఏడుస్తున్నారు. బెల్లం పెడితే బెల్లం నోట్లో పెట్టుకునే ఏడుస్తున్నారు. బయట డప్పులు. నా తల పగిలిపోతోంది.

ఆ ఏడుపుల మధ్యలోంచి యాదమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. నుదుటి నిండా పసుపు కుంకుమ. నెత్తి మీది బోనం ఎవరికిచ్చి వచ్చిందో, చేతుల్లో నర్సింగ్.

"నర్సమ్మా, పోరడు లేస్తలేడు."

పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకోవడం మరిచిపోయినట్టు ఆగుతున్నాడు. ఖాసింబీ డాక్టరమ్మ ఉండే మేడ మీదికి కేక వేసింది. డాక్టరమ్మ జుట్టు ముడి వేసుకోకుండానే మెట్లు దిగి వచ్చారు. రెప్ప ఎత్తి చూసి, "ఎంతిచ్చావు?" అన్నారు.

"రోజు లెక్కనే ఇచ్చిన, అమ్మా. డప్పుల సప్పుడుకు ఉలిక్కిపడ్తడని బోనం ఎత్తేముందు ఇచ్చిన."

వెనకే వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డ మల్లమ్మ అవ్వ మెల్లగా అంది: "నువ్వు ఇచ్చినవా? నేను గూడ ఇస్తినే. పండుగనాడు ఏడ్వొద్దని జర ఎక్కువనే ఇస్తి."

ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిట్టడానికి సమయం లేదు. డాక్టరమ్మ సన్నటి గొట్టంతో వాడి కడుపు కడిగారు. తర్వాత, "పడుకోనివ్వకండి. గిల్లండి, తడిగుడ్డతో కొట్టండి, ఏం చేసైనా సరే ఏడిపించండి" అన్నారు.

ఖాసింబీ చన్నీళ్ల గుడ్డ ముఖాన కొట్టింది. నేను అరికాళ్ల మీద వేళ్లతో కొడుతూ పోయాను. తల వాల్చేస్తే నిలబెట్టాం. ఊపిరి ఆగినప్పుడల్లా డాక్టరమ్మ రొమ్ము మీద రుద్దుతూ, "ఏడువు నాన్నా, ఏడవరా, ఒక్కసారి ఏడువు" అంటున్నారు. శాంత స్వభావానికి మార్కులు పెట్టిన గొంతే అది. అవ్వ వాడి చెవి దగ్గర వంగి తిడుతోంది: "ఏడ్వురా పోరడా. ఇంట్ల ఏడ్వనియ్యకపోతి, ఇప్పుడన్న ఏడ్వు. ఎంతసేపన్న ఏడ్వు, నేను ఎత్తుకుంట." యాదమ్మ వాడి అరచేతులు రుద్దుతోంది. అరుగు మీది తప్పిపోయిన పిల్లలు ఇదంతా చూసి బెదిరి ఇంకా గట్టిగా ఏడుస్తున్నారు. అందరి దగ్గరా ఉన్న ఏడుపు వాడి దగ్గర మాత్రం లేదు.

డప్పులు దూరమై, మళ్లీ దగ్గరై, మళ్లీ దూరమయ్యాయి. మొదట వాడి గడ్డం వణికింది. పిల్లికూన లాంటి చప్పుడు ఒకటి వచ్చింది. మళ్లీ వాలిపోయాడు. మళ్లీ కొట్టాం. ఎండ అరుగు దిగిపోయే వేళకు నోరంతా తెరిచి, ముఖం ఎర్రగా చేసుకుని, మా అందరి మీదా కోపం వచ్చినట్టు ఏడ్చాడు. ఖాసింబీ గోడకు ఆనుకుని కూలబడింది.

డాక్టరమ్మ మెట్టు మీద కూర్చున్నారు. తడిసిన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. "ఆ గిలక ఇచ్చింది నేనే కదమ్మా" అన్నారు. నేను తువ్వాలు తెచ్చి ఇచ్చాను.

ఆ తర్వాత

ఆ తర్వాతి రోజులు పొగడదగ్గవిగా రాయలేను. యాదమ్మ పాలకు వెళ్లే వేళల్లో నర్సింగ్ మా దవాఖానాలో ఉండేవాడు. మందు తగ్గే కొద్దీ ఏడుపు పెరిగింది. ఖాసింబీ చంకలో ఏడుపు, నా చంకలో ఏడుపు, డాక్టరమ్మ బల్ల మీద ఏడుపు. పాల వేళల పట్టిక గోడ మీద అలాగే ఉండేది, దాని వైపు ఎవరూ చూసేవారు కాదు. ఒకరోజు డాక్టరమ్మ వాడిని భుజాన వేసుకుని నడుస్తూ, "ఈ గడియారం చప్పుడు కాస్త ఆపండమ్మా, వీడు ఇప్పుడే కళ్లు మూశాడు" అన్నారు. నేను స్టూలు ఎక్కి ఆపాను.

గల్లీలో పక్కింటి గుద్దులు మొదలయ్యాయి. మల్లమ్మ అవ్వ గోడ ఇవతల నుంచి, "ఏడుస్తడు. మా పోరడు, మా ఇల్లు. నీ చెవులల్ల దూది పెట్టుకో" అని తిరిగి అరిచింది.

ఒకటి మాత్రం నొక్కి చెబుతాను. ఆ ఇంట్లో నల్లమందు లాంతరు బొమ్మల వల్లో నా మాటల వల్లో ఆగలేదు. నర్సింగ్ తండ్రి గదికీ కొట్టానికీ మధ్య వెదురు తడక కట్టాడు. నల్లమందు చేస్తున్న పని తడక చేసింది. ఏ ఇంట్లోనైనా ఒక చెడ్డ అలవాటు కనిపిస్తే, దాన్ని మానమని చెప్పేముందు అది ఆ ఇంట్లో ఏ పని చేస్తోందో చూడండి. ఆ పని ఇంకెవరు చేస్తారో తేల్చండి. అది తేల్చలేకపోతే ఉపన్యాసం ఇవ్వకండి, చాయ్ ఇస్తే తాగి వచ్చేయండి.

మరుసటి చలికాలం నుమాయిష్ నాటికి మార్కుల కార్డులో "శాంత స్వభావం" లేదు. దాన్ని డాక్టరమ్మే కొట్టేశారు. షామియానా కింద గోల మామూలే. నర్సింగ్‌కు అప్పటికి నడక వచ్చింది, రెండు అడుగులకొకసారి పడే నడక. తక్కెడ ఎక్కనని పళ్లెం పట్టుకుని తన్నాడు. చెప్పుముక్క తెంపి నోట్లో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ పళ్లు చూడబోతే ఆమె వేలు కొరికాడు. వాడికి ఏ బహుమతీ రాలేదు.

మల్లమ్మ అవ్వకు కోపం వచ్చింది. "నిరుడు మొదటిది వచ్చె. ఈయేడు మీ మాట విని పెంచితె ఏం రాకపాయె" అని నన్ను అందరి ముందూ నిలదీసింది.

బల్ల దగ్గర ఇంకెవరి పాపకో గిలక ఇచ్చి ఊపుతున్నారు. అవ్వ చంకలో నర్సింగ్ గిరుక్కున తల తిప్పాడు. గిలక ఎటు కదిలితే అటు చూశాడు. అది తనకు ఇవ్వడం లేదని అర్థమైంది. షామియానా గుంజలు కదిలిపోయేలా ఏడుపు అందుకున్నాడు.

"సూడు, సూడు" అంది అవ్వ, వాడిని ఇంకో చంకకు మార్చుకుంటూ. "ఇగ పొద్దుమీకేదాంక ఆపడు. నువ్వు పట్టుకుంటవా వీన్ని?"

పట్టుకుంటానని చేతులు చాపాను. వాడు నా ముఖం చూసి మరింత గట్టిగా ఏడ్చాడు.